చెక్కతో చిక్కులు: తుపాకీ మడమకి నెర్రె పడితే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం తలుపులు బిగుసుకుపోతున్నాయనే, వానాకాలం కదా, వాటికి పోయిన నెలలోనే చెప్పేశాను కాబట్టి పక్కన పెడుతున్నా. ఎప్పుడూ రానిది ఒకే సబ్జెక్టు మీద నాలుగు ఉత్తరాలు వచ్చాయి, తుపాకీ చెక్క మీద. మడమ అనండి, బట్ అనండి, స్టాక్ అనండి, నాబోటి వాడికి అది చెక్కే. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే.

ప్రశ్న (గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు): నమస్తే సార్. మా తాతయ్య గారిది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది, ఇప్పుడు లైసెన్సు నాన్న పేరు మీద ఉంది. 2024 ఎలక్షన్లప్పుడు మార్చిలో పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి, రిజల్ట్స్ అయిపోయాక జూన్‌లో తెచ్చుకున్నాం. తెచ్చాక చూస్తే, చేత్తో పట్టుకునే సన్నటి చోట, ఇనుము తోక (గొట్టం వెనకున్న ఇనుప భాగం నుంచి వెనక్కి సాగిన సన్నటి ముక్క) చెక్కలోకి దిగే మూల నుంచి వెనక్కి రెండంగుళాలు వెంట్రుకలాంటి నెర్రె. మా వీధిలో కార్పెంటర్ తెల్ల జిగురు పెట్టి గుడ్డ చుట్టి ఇచ్చాడు, రెండుసార్లు పేల్చేసరికి మళ్ళీ విచ్చుకుంది. అక్కడ ఎవరో కింద పడేశారని నాన్న ఒకటే కోపం. రెండు ట్యూబులు కలిపి పెట్టే ఎపాక్సీ జిగురు పెడితే ఆగుద్దా సార్?

జవాబు: ముందు చిన్న చీవాట్లు, ఏమనుకోవద్దు. లైసెన్సు తుపాకీని తీసుకెళ్ళి వీధి కార్పెంటర్ చేతిలో పెట్టడం ఏంటి బాబూ! 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ అమ్మడానికే కాదు, రిపేరు చెయ్యడానికి కూడా లైసెన్సు ఉండాలని ఉంది. ఆ కార్పెంటర్‌కి లేదు, నాకూ లేదు. లైసెన్సున్న డీలర్ దగ్గరికి నాన్నగారే లైసెన్సు పుస్తకం పట్టుకుని వెళ్ళాలి, అక్కడ వదిలేసి వస్తే రసీదు రాయించుకోవాలి. అయితే అక్కడ ఏం చెయ్యాలో మీకు తెలిసుండటం మంచిది, అన్నిచోట్లా కాదుగానీ కొన్నిచోట్ల పైపైన జిగురు పూసి పాలిష్ కొట్టి ఇచ్చేస్తారు.

ఇప్పుడు నాన్నగారి కోపం సంగతి. కింద పడితే వచ్చే పగులు సాధారణంగా ఆ సన్నటి చోట అడ్డంగానో ఏటవాలుగానో వస్తుంది, దెబ్బ తగిలిన చోట సొట్టో గీతో కనపడుద్ది. మీది ఇనుము తోక దగ్గర మొదలై చెక్క గీతల వెంబడే తిన్నగా వెనక్కి పోయింది అంటున్నారు. అది పడేసిన పగులు కాదండీ, పేల్చినప్పుడు ఇనుము వెనక్కి తన్నిన పగులు. బహుశా ఎలక్షన్లకి ముందే లోపల మొదలై ఉంటుంది, మార్చి నుంచి జూన్ దాకా ఆ ఎండల్లో చెక్క ఎండి మీకు కంటికి కనపడింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇది చెక్క.

లోపల జరిగేది ఇది. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా, ఇనుము వెనక ముఖం చెక్క తల మీద ఫ్లాట్‌గా ఆనుకుని, ఆ వెడల్పంతా పంచుకోవాలి. కొత్తలో అలాగే ఉంటుంది. ఏళ్ళు గడిచాక చెక్క కాస్త కుంచించుకుపోద్ది, లోపలి మర వదులవుద్ది, అప్పుడు వెనక ముఖం చెక్కకి ఆనదు, సన్నటి తోక చివర ఒక్కటే ఆనుద్ది. అంటే మొద్దు చీల్చడానికి ఇనప మేకు పెట్టి సుత్తితో కొట్టినట్టే, పేల్చిన ప్రతిసారీ ఒక దెబ్బ. అందుకే జిగురు ఏదైనా, తెల్లదైనా ఎపాక్సీ అయినా, ఆ మేకుని అలాగే ఉంచి అంటిస్తే మళ్ళీ విచ్చుకోవడం ఖాయం, కాకపోతే ఎపాక్సీ అయితే రెండుసార్లకి బదులు ఇరవైసార్లు ఆగుద్దేమో. తోక చివర చెక్కకి తగలకుండా ఒక మందపాటి కాగితమంత సందు ఉండాలి, వెనక ముఖం మాత్రం గట్టిగా ఆనాలి. ఈ ఒక్క పాయింట్ డీలర్‌ని అడగండి, "తోక వెనక సందు ఇచ్చారా" అని. ఆయన మొహం చూస్తే మీకే అర్థమవుద్ది పని తెలిసినాయనో కాదో.

నేను ఒకసారి లైసెన్సున్న ఒక పెద్దాయన దగ్గర స్టూలు వేసుక్కూర్చుని గంటన్నర చూశా, అది చెప్పి తీరాలి. ఆయన కిరసనాయిలు బుడ్డి వెలిగించి, వత్తి పైకి లాగి పొగ వచ్చేట్టు చేసి, ఆ మసిని ఇనుము మీద పట్టించాడు, కాటుక పట్టినట్టు. తర్వాత ఆ ఇనుముని చెక్కలో మెల్లిగా దించి, చేత్తో ఒక చిన్న దెబ్బ వేసి పైకి తీశాడు. చెక్కకి ఎక్కడెక్కడ ఇనుము తగులుతోందో అక్కడక్కడ నల్లటి మచ్చ. వెనక ముఖం ఆనాల్సిన చోట ఒక్క మచ్చ లేదు, తోక చివర మాత్రం బొట్టు పెట్టినట్టు నల్లగా ఉంది. "చూశావా, దొంగ దొరికాడు" అన్నాడు. సన్న ఉలి తీసుకుని ఆ బొట్టుని మాత్రం గీకాడు, గీకడమే, కొట్టడం లేదు, మళ్ళీ మసి, మళ్ళీ దించడం, అలా పదకొండో పన్నెండో సార్లు. చివరికి మచ్చలన్నీ వెనక ముఖం మీదకి వచ్చాక అప్పుడు జిగురు డబ్బా మూత తీశాడు. మనవాళ్ళు మూత ముందు తీస్తారు.

ఇంకో విషయం, నూనె. తుపాకీకి నూనె పెట్టి గొట్టం పైకి ఉండేట్టు మూలన నిలబెట్టడం మన ఇళ్ళల్లో అలవాటు, ఆ నూనె ఏళ్ళ తరబడి కిందకి దిగి దిగి చెక్క తల నల్లగా మెత్తగా అయిపోద్ది. మీ కార్పెంటర్ జిగురు నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం అయ్యుంటుంది, నూనె తాగిన చెక్కకి ఏ జిగురూ అంటదు. నాన్నగారికి చెప్పండి, నూనె పూశాక పొడిగుడ్డతో తుడిచేయమని, నిలబెట్టాల్సి వస్తే గొట్టం కిందకి ఉండేట్టు పెట్టమని.

నెర్రె మరీ లోతుగా ఉంటే జిగురుతో పాటు అడ్డంగా ఇత్తడి పిన్ను వేస్తారు, మరలున్న సన్న ఇత్తడి కడ్డీ, మూడు మిల్లీమీటర్లది చాలు, లోపలివైపు నుంచి వేస్తే బయటికి కనపడదు. పట్టుకుని కొంచెం మెలిపెడితే పగులు కదిలేట్టయితే మాత్రం రిపేరు అయ్యేదాకా ఒక్క గుండు కూడా పేల్చొద్దు, ఆ విరిగే చోటే చెయ్యి ఉంటుంది, చెంపకి దగ్గర. ఆ, తూటాలు కూడా చూసుకోండి, పాత తుపాకులు కొన్ని 65 మిల్లీమీటర్ల పొడుగు తూటాకి చేసినవి, 70ది అందులో దూరుద్దిగానీ పేలాక మూత విచ్చుకోవడానికి చోటుండదు, ప్రెజర్ పెరిగిపోద్ది, చెక్కకే కాదు మనిషికీ మంచిది కాదు. గొట్టం మీద ఏం రాసుందో డీలర్ చదివి చెప్తాడు.

ప్రశ్న (విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు): అన్నా, నాది ఎయిర్ గన్, పాయింట్ 177, టార్గెట్ ప్రాక్టీస్‌కి కొనుక్కున్నది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు కింద గదిలో బీరువా కింద ఉండిపోయింది, మూడు రోజులు నీళ్ళల్లోనే. నీళ్ళు తీశాక డాబా మీద ఎండలో పెట్టా, ఇనుముకి తుప్పు వదిలించి బాగానే చేయించా కానీ చెక్కకి వెనక బట్ చివర మూడు నాలుగు సన్న బీటలు, ముందు మర బొక్క దగ్గర ఒకటి కొంచెం పెద్దది. నేనే చేసుకోవచ్చా, ఏ జిగురు వాడాలి?

జవాబు: మీరే చేసుకోవచ్చు తమ్ముడూ. పాయింట్ 177 బోరు (అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), పేల్చే శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ గన్‌కి 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్సు అక్కర్లేదు కాబట్టి చెక్క విప్పుకుని ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చు. పిట్టల్ని మాత్రం కొట్టకండి, 1972 వన్యప్రాణుల చట్టం ఒకటుంది.

నీళ్ళు కాదు మీ చెక్కని పగలగొట్టింది, డాబా. చెక్క నీళ్ళు తాగి ఉబ్బినా మళ్ళీ నిదానంగా ఆరితే చాలావరకు యథాస్థితికి వస్తుంది. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడిగా ఉబ్బే ఉంటుంది, అప్పుడు పైపొర లోపలిదాని చుట్టూ చాలని చొక్కాలాగా బిగిసి చిరుగుద్ది. అందులోనూ బట్ చివర, రబ్బరు ప్లేటు కింద, చెక్క కోసిన మొహం ఉంటుంది చూడండి, చెరుకుగడ కోసిన చోట లాగా, అక్కడి నుంచి తడి అన్నిటికన్నా ఫాస్ట్‌గా పోద్ది, కంపెనీవాళ్ళు కూడా ఆ మొహానికి పాలిష్ వెయ్యకుండా వదిలేసిన సందర్భాలు చాలా చూశా. నీడలో, ఫ్యాన్ గాలి కూడా తగలకుండా, పాత దుప్పటి చుట్టి నెలరోజులు పెట్టుంటే బతికిపోయేది. సరే, అయిపోయింది.

ముందర మర బొక్క దగ్గరది వేరే కేసు. స్ప్రింగ్ ఎయిర్ గన్ మామూలు తుపాకీ లాగా ఒక్క వెనక్కే తన్నదు, స్ప్రింగూ పిస్టనూ ముందుకి కదిలినప్పుడు గన్ వెనక్కి, పిస్టన్ వెళ్ళి ఆగినప్పుడు ముందుకి, రెండువైపులా కుదుపుద్ది, దాంతో మరలు ఊరికే వదులవుతాయి, వదులైన మర బొక్కని లోపల్నుంచి గుద్ది గుద్ది చీలుస్తుంది. కాబట్టి అక్కడ అంటించడంతో పాటు మర కింద వాషర్ నలిగిపోయిందేమో చూసి మార్చండి, ఆ తర్వాత వంద చర్రాలకి, అంటే పెల్లెట్లకి, ఒకసారి మరలు చూసుకోండి.

ఇక పని. ఖాళీగా ఉందో లేదో చూసి, స్ప్రింగ్ ఎక్కించి లేకుండా చూసి, చెక్క మరలు మాత్రం విప్పండి, స్ప్రింగ్ గొట్టం జోలికి వెళ్ళొద్దు, అది ఎగిరొస్తే కన్ను పోద్ది. చెక్క విడిగా తీశాక గుడ్డకి స్పిరిట్ అద్ది మొత్తం ఒక్కసారి తుడవండి, మిగతాదంతా క్షణాల్లో ఆరిపోద్ది, నెర్రెల్లో మాత్రం తడి ఇంకాసేపు ఉండి నల్లటి గీతల్లా కనపడతాయి. అప్పుడు మీరు మూడో నాలుగో అనుకున్నవి ఆరో ఏడో అని తేలుద్ది, నాకెప్పుడూ ఇలాగే అయ్యింది. ఒక్కోదాని చివర పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి, వారం ఆగండి. గీత దాటి ముందుకి పోయిందంటే చెక్క ఇంకా ఆరుతూనే ఉందని, అప్పుడు అంటిస్తే పక్కన ఇంకోటి పుడుద్ది. ఆగింది అంటే మొదలుపెట్టొచ్చు.

నెర్రెలో వరద మట్టి, నూనె, పాత మైనం ఉంటాయి. అసిటోన్ కావాలి, గోళ్ళ రంగు తుడిచే సీసా కాదు, దాంట్లో నూనె కలిపినవి ఉంటాయి, కెమికల్ షాపులో అడిగితే విడిగా దొరుకుద్ది. సిరంజితో నెర్రెలోకి కొట్టి, దూదితో పీల్చి, మళ్ళీ కొట్టి, దూదికి పసుపు మరక రావడం మానేదాకా. నూనె బాగా తాగిన చోట సుద్దపొడి అసిటోన్‌తో ముద్దలాగా కలిపి మెత్తండి, ఆరే కొద్దీ సుద్ద నూనెని పైకి లాగుద్ది, తెల్లటి ముద్ద గోధుమరంగులోకి మారితే దులిపేసి ఇంకోసారి. డాబా మీదో వరండాలోనో చెయ్యండి, దగ్గర్లో గ్యాస్ స్టవ్, అగరొత్తి ఏదీ ఉండకూడదు.

జిగురు విషయానికొస్తే రెండు రకాలు చాలు. గోరు కూడా దిగని వెంట్రుక నెర్రెలకి నీళ్ళలాగా పల్చగా ఉండే సూపర్ గ్లూ, ఒక చుక్క పెడితే దీపం వత్తి నూనె లాక్కున్నట్టు అదే లోపలికి పోద్ది, పీల్చుకోవడం ఆగేదాకా చుక్క చుక్కగా ఇస్తూ ఉండటమే, క్లాంప్ అక్కర్లేదు. చుట్టూ పాలిష్ మీద పడకుండా ముందే మైనం రాయండి, నేను నా మొదటి ఎయిర్ గన్ మీద మైనం రాయకుండా చేశా, తెల్లటి మచ్చ పడింది, దాన్ని తియ్యబోయి ఉప్పుకాగితంతో గీకి గీకి ఒక గుంట చేశా, తప్పు నాదే. చేత్తో నొక్కితే తెరుచుకునే పగులుకి, అంటే మీ మర బొక్క దగ్గరదానికి, రెండు ట్యూబుల ఎపాక్సీ, షాపులో అరాల్డైట్ అంటే ఇస్తారు, అయిదు నిమిషాల్లో గట్టిపడేది కాకుండా నిదానంగా పట్టేది అడగండి. టైమ్ ఉంటేనే లోపలికి దిగుద్ది. కలిపాక ట్యూబు మూతలో వేసి వేడినీళ్ళ గిన్నెలో అడుగు తగిలేట్టు ఒక నిమిషం పెడితే పల్చబడుద్ది, నీళ్ళు మాత్రం లోపల పడకూడదు. పగులుని మెల్లిగా తెరిచి పట్టుకోడానికి స్క్రూడ్రైవర్ వద్దు, అది పగులుని పెంచుద్ది, చీపురు పుల్ల చెక్కి పెట్టండి. కుట్టుదారం ముక్కకి జిగురు పట్టించి పగులులో రంపంలాగా అటూ ఇటూ లాగితే అడుగుదాకా వెళ్ళుద్ది. పుల్ల తీసెయ్యండి.

ఇక్కడ వడ్రంగి క్లాంపులు పని చెయ్యవు, తుపాకీ చెక్కకి ఎక్కడా సమంగా ఉండే చోటు లేదుగా. సైకిల్ ట్యూబు అంగుళం వెడల్పున పొడుగ్గా కత్తిరించి, పగులు మీద ముందు పాలిథిన్ కవరు ముక్క చుట్టి, దాని మీద ట్యూబుని సాగదీసి కట్టు కట్టినట్టు చుట్టుకుంటూ వెళ్ళండి. గుండ్రంగా ఉన్నా వంకరగా ఉన్నా అన్నివైపులా ఒకేలా నొక్కుద్ది. బలం ఉంది కదా అని మరీ బిగించొద్దు, జిగురంతా బయటికి కారిపోయి లోపల ఎండు చెక్క మిగులుద్ది, పగులు అంచుల మీద సన్న గీతలా జిగురు పైకి వస్తే చాలు. మర బొక్కలో జిగురు దూరకుండా పాత మరకి మైనం పూసి దూర్చి పెట్టండి. ఒకరోజు పూర్తిగా, ఇరవై నాలుగు గంటలు. సాయంత్రం ఒకసారి విప్పి చూద్దాం అనిపిస్తుంది, చూడొద్దు.

విప్పాక పైకి పొంగిన జిగురుని బ్లేడుతో గీకి, 320 నంబరు ఉప్పుకాగితంతో చెక్క గీతల వెంబడే రుద్దండి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ వేశాక బయటపడతాయి. బట్ చివర మొహానికి రబ్బరు ప్లేటు బిగించే ముందు రెండు కోటింగులు వార్నిష్ తప్పకుండా వెయ్యండి.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకురాలు): సార్, మా మావయ్య గారి ఎయిర్ గన్ చెక్క ఎండిపోయి గరుగ్గా ఉంది, అత్తయ్య వారం వారం కొబ్బరినూనె రాస్తారు, అయినా బీటలు పెరుగుతున్నాయి. అవిసె నూనె మంచిదంటున్నారు, గానుగది వాడొచ్చా?

జవాబు: కొబ్బరినూనె జుట్టుకి మంచిదమ్మా, చెక్క మీద ఎప్పటికీ ఆరదు, దుమ్ము పట్టి జిడ్డుగా ఉంటుంది, పైగా రేపు నెర్రెకి జిగురు పెడదామంటే అంటనివ్వదు. అవిసె నూనె గాలికి గట్టిపడి పొరలాగా అవుద్ది, అందుకే వాడతారు. గానుగది తినడానికి బాగుంటుందిగానీ ఆరడానికి రోజులకి రోజులు పట్టుద్ది, పెయింట్ షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అని అడగండి. ముందు బీటలు అంటించాలి, తర్వాతే నూనె, ఈ వరస తప్పకూడదు. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని వేడెక్కేదాకా చెక్క మీద రుద్ది, పావుగంట ఆగి మిగిలింది మొత్తం తుడిచెయ్యాలి, రోజుకి ఒకసారి, అలా వారం. తుడిచిన గుడ్డ మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. దండెం మీద విడిగా పరిచి ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి, అత్తయ్య గారికి కూడా చెప్పండి.

ప్రశ్న (విజయవాడ భవానీపురం నుంచి ఒక పాఠకుడు): కొండపల్లి బొమ్మలకి వాడే మక్కు పెట్టి బట్ మీద నెర్రెలు, సొట్టలు పూడ్చొచ్చా?

జవాబు: మక్కు అంటే చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపిన ముద్ద, తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మకి చేతులూ కాళ్ళూ అతికించడానికి దానికి మించింది లేదు. కానీ బొమ్మ అలమార్లో కూర్చుంటుంది, దాన్ని ఎవరూ వెనక్కి తన్నరు. నెర్రెలో ఏ ముద్ద పెట్టినా, మక్కైనా లప్పమైనా, అది సందు పూడుస్తుందిగానీ రెండు వైపుల్నీ కలిపి పట్టుకోదు, పైగా తర్వాత అసలు జిగురు దిగడానికి దారి లేకుండా చేస్తుంది. సొట్టలకైతే అసలు ఏదీ పూడ్చక్కర్లేదు, చెక్క నలిగిందే కానీ పోలేదు కదా. పాలిష్ తీసేసి, సొట్ట మీద తడిగుడ్డ మడత వేసి, ఇస్త్రీపెట్టె మొన అక్కడ ఆనించండి, చుయ్‌మని ఆవిరి లోపలికి వెళ్ళి నలిగిన చెక్క పైకి ఉబ్బుద్ది, రెండు మూడుసార్లకి సమం అవుద్ది. పక్కన అంటించిన చోటు ఉంటే దానికి వేడి తగలనివ్వకండి, జిగురు మెత్తబడుద్ది. గుడ్డ ఆరిపోయేలోపు ఇస్త్రీపెట్టె తీసెయ్యాలి, నేను ఫోన్ ఎత్తి మాట్లాడుతూ ఉండిపోయా ఒకసారి, ఆ మొన గుర్తు నా ఎయిర్ గన్ మీద ఇప్పటికీ గోధుమరంగులో అలాగే ఉంది.